అప్పు లేని పట్టా, తప్పు లేని కొలత

2018 చివరిలో ఒక శుక్రవారం రాత్రి ఇంగ్లాండులోని లెస్టర్ నగరం నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు ఆపుకొంటున్నట్లు మాకు అర్థమైంది. "భాయీజాన్! అబ్బాయి యూనివర్సిటీకి వెళ్ళనంటున్నాడు. ఏదో కట్టడాల కంపెనీలో అప్రెంటిస్‌గా చేరతాడట. మీరైనా చెప్పండి" అంది.

అప్రెంటిస్ అనే మాట వినగానే మా కళ్ళ ముందు గుంటూరు ఆటోనగర్ మెదిలింది. నూనె మరకల చొక్కాతో, లారీ కింద పడుకొని, మెకానిక్ అడిగిన పానా అందించే పన్నెండేళ్ళ కుర్రవాడు మెదిలాడు. మా దగ్గర చదివి, మధ్యలో బడి మానేసి అలాంటి షెడ్లలో చేరిపోయిన పిల్లలు ఎందరో ఉన్నారు. అందుకే ఇంకేమీ అడగకుండానే మేనల్లుణ్ణి ఫోన్ దగ్గరకు పిలిపించి నాలుగు మాటలు గట్టిగా అన్నాము. "మీ అబ్బాజాన్ రాత్రింబగళ్ళు బస్సు నడిపి నిన్ను చదివించింది ఇందుకేనా బేటా?" అని కూడా అన్నాము.

అతను ఎదురు చెప్పలేదు. అంతా విని, "మామూజాన్, ఇది చదువు మానేయడం కాదు. చదువు కోసం అప్పు చేయడం మానేయడం" అన్నాడు. ఆ మాటతో మా నోట మాట రాలేదు.

ఈ వ్యాసం ఆ కుర్రవాడి ఐదేళ్ళ అనుభవం. తొందరపడి మేము ఇచ్చిన సలహా ఎంత తప్పో ఒప్పుకోవడం కూడా ఇందులో ఒక భాగమే. మన ఇళ్ళలో పదో తరగతి, ఇంటర్ ముగించిన పిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ దీన్ని ఓపికగా చదవాలని మా మనవి.

అక్క ఆగిపోయిన గడప

ఇంగ్లాండులో విశ్వవిద్యాలయపు ఫీజు ఆ రోజుల్లో ఏడాదికి 9,250 పౌండ్లు. మూడేళ్ళ డిగ్రీకి 27,750 పౌండ్లు. తిండికీ, బసకూ అయ్యే ఖర్చు దీనికి అదనం. ప్రభుత్వమే విద్యార్థికి రుణం ఇస్తుంది, ఉద్యోగం వచ్చి నిర్ణీత ఆదాయం దాటాక జీతంలోంచి కొంత కొంత తీసుకొంటుంది. వినడానికి సదుపాయంగానే ఉంటుంది. అయితే ఆ రుణం మీద వడ్డీ ఉంది. మా మేనల్లుడి వయసు పిల్లలకు వర్తించిన పద్ధతిలో, చదువుకొంటున్న కాలంలోనే ధరల పెరుగుదల సూచీ మీద మరో 3 శాతం కలిపి వడ్డీ లెక్కించేవారు. 2023 ఆగస్టు నుంచి చేరినవారికి ఆ అదనపు 3 శాతం తీసేశారు గాని, రుణం మాఫీ అయ్యే గడువును 30 ఏళ్ళ నుంచి 40 ఏళ్ళకు పెంచారు.

ఈ రుణం విషయంలో అక్కడి ధార్మిక పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. అవసరం దృష్ట్యా తీసుకోవచ్చు అన్నవారున్నారు, ఎట్టి పరిస్థితిలోనూ కూడదన్నవారూ ఉన్నారు. ఆ చర్చలో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. వడ్డీ లేని ప్రత్యామ్నాయ పద్ధతి ఒకటి తెస్తామని అక్కడి ప్రభుత్వం 2014లో ప్రజాభిప్రాయం సేకరించింది. అందుకు అధికారమిస్తూ 2017లో చట్టమూ చేసింది. మా మేనల్లుడు పట్టా పుచ్చుకొన్న 2024 నాటికి కూడా ఆ సదుపాయం విద్యార్థుల చేతికి అందలేదు.

మా బావగారు వడ్డీ రుణం వద్దనేవారిలో ఒకరు. దాని ఫలితం మొదట అనుభవించింది మా మేనకోడలు. మార్కులు బాగానే వచ్చినా 2016లో విశ్వవిద్యాలయపు గడప తొక్కలేక ఒక బట్టల దుకాణంలో పనికి చేరింది. తండ్రిని ఒక్క మాట అనలేదు. తోటి పిల్లలు పట్టాలు పుచ్చుకొన్న ఫోటోలు మాత్రం చూసేది కాదట. తమ్ముడు అప్రెంటిస్ మాట ఎత్తడానికి కారణం ఈ అక్క. ఈ సంగతి మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

సర్వేయర్ అంటే గొలుసు లాగేవాడు కాదు

"డిగ్రీ అప్రెంటిస్‌షిప్" అనే ఈ పద్ధతి ఇంగ్లాండులో 2015లో మొదలైంది. దీనిలో కుర్రవాడు మొదటి రోజు నుంచే సంస్థలో జీతం తీసుకొనే ఉద్యోగి. వారంలో నాలుగు రోజులు పని, ఒక రోజు విశ్వవిద్యాలయం. ఆ ఒక్క రోజుకూ జీతం కోయరు. ఫీజులో ఒక్క పౌండు కూడా విద్యార్థి కట్టనక్కరలేదు. 2017 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ఒక సుంకం పెట్టింది. ఏటా జీతాల మొత్తం 30 లక్షల పౌండ్లు దాటే సంస్థలు ఆ పైమొత్తంలో అర శాతం అప్రెంటిస్ శిక్షణ కోసం జమ చేయాలి. పెద్ద సంస్థలు ఆ జమలోంచే ఫీజు కడతాయి. చిన్న సంస్థలకు ప్రభుత్వమే ఖర్చులో సింహభాగం భరిస్తుంది. మూడేళ్ళలో ముగిసే డిగ్రీ ఇలా ఐదేళ్ళు పడుతుంది. అయితే ఆఖరి రోజున చేతిలో పట్టా ఉంటుంది, వెనక ఐదేళ్ళ అనుభవం ఉంటుంది, నెత్తిన అప్పు ఉండదు.

మా మేనల్లుడు ఎన్నుకొన్నది క్వాంటిటీ సర్వేయింగ్. సర్వేయర్ అంటే మనకు తెలిసినది గొలుసు పట్టుకొని పొలం గట్లు కొలిచే ఉద్యోగి. ఇతని పని అది కాదు. ఒక ఆసుపత్రో, బడో, ఇళ్ళ సముదాయమో కట్టాలంటే ఎంత కాంక్రీటు, ఎన్ని ఇటుకలు, ఎంత గోడ, ఎంత పూత, ఎన్ని తలుపులు అని నక్షాలు చూసి లెక్క తీయాలి. ఆ లెక్కను ఒక పద్ధతి ప్రకారం పట్టికగా రాయాలి. దాని మీద ధరలు కట్టి టెండరు తయారు చేయాలి. పని మొదలయ్యాక ప్రతి నెలా ఎంత పని జరిగిందో కొలిచి, ఎవరికి ఎంత ముట్టాలో తేల్చాలి. మధ్యలో మార్పులు వస్తే వాటి విలువ కట్టాలి. చివరికి యజమాని, కాంట్రాక్టరు ఇద్దరూ ఒప్పుకొనే తుది లెక్క కుదర్చాలి. ఒక్క మాటలో చెప్పాలంటే కట్టడంలో డబ్బుకూ, కొలతకూ కాపలాదారుడు ఇతడే.

ఈ వృత్తికి అక్కడ పెద్ద దిక్కు రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్. 1868లో లండన్‌లో స్థాపితమైన ఈ సంస్థకు 1881లో రాజశాసనం లభించింది. నక్షాల నుంచి కొలతలు ఎలా తీయాలి, ఏది కలపాలి, ఏది మినహాయించాలి అనే నియమావళిని ప్రచురించేది ఈ సంస్థే. దీని సభ్యత్వం పొందినవాడే చార్టర్డ్ సర్వేయర్.

మా అబ్బాజాన్ పడిన కోత

ఈ వివరాలన్నీ మేనల్లుడు ఫోనులో చెబుతుంటే మాకు మా తండ్రిగారు గుర్తుకు వచ్చారు. ఆయన తాపీ మేస్త్రీ. నూరు చదరపు అడుగులకు ఒక చదరం చొప్పున పూత పనికి కూలి లెక్క. కొలత పుస్తకం ఆయన చేతిలో ఉండేది కాదు, ఉన్నా చదవలేరు. గోడకు రెండు వైపులా పూత వేసినప్పుడు తలుపు ఖాళీని ఒక వైపు మాత్రమే మినహాయించడం రివాజు. తలుపు మందాన ఉన్న అంచులకు కూడా పూత వేయాలి కదా, ఆ శ్రమకు ఇది సరికి సరి. మన దేశ ప్రమాణాలలో కూడా అర చదరపు మీటరు పైన, మూడు చదరపు మీటర్ల లోపు ఖాళీలకు ఇదే నియమం.

మా చిన్నతనంలో ఒక పనిలో కొలత రాసేవాడు తలుపులూ, కిటికీలూ అన్నిటినీ రెండు వైపులా కోసి రాశాడు. అబ్బాజాన్‌కు ఏదో తగ్గిందని తెలుసు. ఎక్కడ తగ్గిందో చూపించడం తెలియదు. ఆ శనివారం కూలీలందరికీ పైసా తగ్గకుండా పంచి, ఖాళీ సంచితో ఇంటికి వచ్చారు. "పుస్తకం వాడి చేతిలో ఉంది, ఏం చేస్తాం" అన్నారు. తూనికలో, కొలతలో న్యాయం గురించి మదర్సాలో పాఠం చెప్పే ప్రతిసారీ మాకు ఆ ఖాళీ సంచి జ్ఞాపకం వస్తుంది.

అలాంటి మేస్త్రీ మనుమడు ఇప్పుడు కొలత పుస్తకం పట్టబోతున్నాడు. చిన్నబుచ్చవలసిన సంగతి కాదిది. మరుసటి రోజే మేము తిరిగి ఫోన్ చేసి, "బేటా, మేము తెలియక అన్నాము. చేరు. పుస్తకం నీ చేతికి వచ్చినప్పుడు మీ నానాను మరిచిపోకు" అన్నాము.

అయినా మా చెల్లెలి భయం తీరలేదు. దానికి ఆధారమూ ఉంది. ఆ ఏడాది జనవరిలోనే కరిలియన్ అనే అతి పెద్ద నిర్మాణ సంస్థ దివాలా తీసింది. వెయ్యికి పైగా అప్రెంటిస్‌లు రాత్రికి రాత్రి దిక్కులేనివారయ్యారు. నిర్మాణ రంగపు శిక్షణ మండలి పూనుకొని వారికి వేరే యజమానులను వెతకవలసి వచ్చింది. "కంపెనీ మునిగితే చదువూ మునుగుతుంది కదా భాయీజాన్" అని ఆమె అడిగింది. ఆ ప్రమాదం లేదని ఎవరూ అనలేరు. ఉద్యోగమూ, చదువూ ఒకే నావలో ప్రయాణం చేస్తాయి. నావ ఎలాంటిదో ముందుగా విచారించుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని.

ఐదేళ్ళ బాట

స్థానం దొరకడం కూడా తేలిక కాలేదు. విశ్వవిద్యాలయంలో సీటుకు మార్కులు చాలు. ఇక్కడ ముందు ఒక సంస్థ ఉద్యోగమివ్వాలి. అతను ఇంటర్‌తో సమానమైన చదువు ఆఖరి సంవత్సరంలో ఉండగానే దరఖాస్తులు మొదలుపెట్టాడు. పద్నాలుగు పంపితే మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది, ఒక చోట స్థానం దొరికింది. 2019 సెప్టెంబరులో చేరాడు.

మొదటి ఏడాది ఎక్కువ భాగం కట్టడ స్థలంలోనే. తలకు టోపీ, కాళ్ళకు ఇనుప ముక్కు బూట్లు, చేతిలో టేపు. బడిలో లెక్కలలో ముందున్న కుర్రవాడు అక్కడ ఇటుకల వరుసల పేర్లు కూడా తెలియక తెల్లమొహం వేసేవాడట. ఒక ముసలి తాపీ పనివాడు అతనికి గోడ కట్టే తీరు విడమరిచి చెప్పాడు. "యూనివర్సిటీ మాస్టరు చెప్పినదానికంటే ఆయన చెప్పింది ఎక్కువ గుర్తుంది మామూజాన్" అనేవాడు. మా మదర్సా భాషలో దీన్ని ఉస్తాదు, షాగిర్దు సంబంధం అంటాము. గురువు పక్కన కూర్చుని, ఆయన చేతిని చూసి నేర్చుకొనే విద్య. నగిషీ పనివాడైనా, హకీమైనా, అందమైన అక్షరాలు రాసే కాతిబైనా ఒకప్పుడు ఇలా తయారైనవారే. పాత దారికే వీళ్ళు పట్టా జోడించారు.

2020లో కరోనా వచ్చి పాఠాలన్నీ కంప్యూటరు తెర మీదకు మారాయి. పగలు పని, సాయంత్రం వంటగది బల్ల మీద చదువు. ఆ కాలంలో అతను బాగా చిక్కిపోయాడని చెల్లెలు బాధపడేది. స్నేహితులు హాస్టళ్ళలో కబుర్లతో గడిపే వయసులో ఇతను ఆదివారం కూడా వ్యాసాలు రాసుకొనేవాడు. ఈ మార్గంలో ఉన్న కష్టం ఇదే. దీన్ని దాచి పిల్లలకు తీపి మాటలు చెప్పడం న్యాయం కాదు. మధ్యలో మానేసేవారూ ఉంటారు. ఐదేళ్ళపాటు ఒకే పట్టుదల నిలవాలి.

సగం వెడల్పు తలుపు

మూడో ఏడాది జరిగిన ఒక సంఘటన ఈ వ్యాసానికి మూలం. ఒక కార్యాలయ భవనం టెండరు కోసం లోపలి అడ్డుగోడల కొలత తీసే పని అతనికి అప్పగించారు. అతను నక్షాన్ని కాగితం మీద అచ్చు తీసుకొని, స్కేలు పెట్టి కొలిచాడు. నక్షా మూలన 1:100 అని రాసి ఉంది. ఆ ప్రకారం గోడల పొడవు మొత్తం 120 మీటర్లు వచ్చింది. ఎత్తు 2.7 మీటర్లని నక్షాలోనే అంకెల్లో ఉంది. గుణిస్తే 324 చదరపు మీటర్లు. ఆ లెక్క పట్టికలోకి వెళ్ళింది, ధర కట్టారు, పై అధికారి చూసి సరే అన్నారు.

టెండరు దాఖలు చేయడానికి రెండు రోజుల ముందు రాత్రి అతను తలుపుల లెక్క చూస్తూ ఒక తలుపు వెడల్పు మీద స్కేలు పెట్టాడు. 46 సెంటీమీటర్లు వచ్చింది. మనిషి పట్టని తలుపు! అప్పుడు గుండె ఝల్లుమందట. ఆ నక్షా ఎ1 అనే పెద్ద కాగితం కోసం గీసినది. అతను అచ్చు తీసింది ఎ3 కాగితం మీద. ఎ3 పొడవూ వెడల్పూ ఎ1లో సరిగ్గా సగం. అంటే కాగితం మీద స్కేలు 1:100 కాదు, 1:200 అయింది. గోడలు 120 మీటర్లు కావు, 240 మీటర్లు. 324 చదరపు మీటర్లు కాదు, 648. సగం గోడలకు ధరే కట్టలేదు. టెండరు అలాగే వెళ్ళి పని దక్కితే ఆ నష్టం సంస్థ మీద పడేది.

ఆ రాత్రి మాకు ఫోన్ వచ్చింది. మన దగ్గర తెల్లవారుజామున నాలుగున్నర. "మామూజాన్, చెబితే ఉద్యోగం పోతుందేమో. ఉద్యోగం పోతే చదువూ పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పెద్దాయన కూడా చూసి సరే అన్నారు కదా" అన్నాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఉపన్యాసం ఇవ్వడం తేలిక, ఉద్యోగం అతనిది. చెల్లెలు, బావగారు, దుకాణంలో నిలబడే మేనకోడలు అందరూ మా కళ్ళ ముందు నిలిచారు. చివరికి ఒక్కటే అడిగాము. "బేటా, మీ నానా గోడను తక్కువ రాసినవాడు కూడా, ఎవరికి తెలుస్తుందిలే అనుకొని ఉంటాడు కదా?" అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత సలాం చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఉదయం ఏడు గంటలకే కార్యాలయానికి వెళ్ళి, పై అధికారి రాగానే రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాడు. ఆయన తలుపు కొలత చూసి, కళ్ళజోడు తీసి, కాసేపు మాట్లాడలేదట. తర్వాత, "చూసి సరే అన్నది నేను. తప్పు ఇద్దరిదీ" అన్నాడు. ఇద్దరూ కూర్చుని సాయంత్రం దాకా మొత్తం కొలతలు తిరిగి తీశారు. ఆ రోజు నుంచి ఆ విభాగంలో ఏ నక్షా అచ్చు తీసినా ముందు ఒక తలుపు కొలిచి చూడటం అలవాటైంది. అంకెల్లో రాసిన కొలత ఉంటే స్కేలు కొలతను నమ్మకూడదన్న పాత సూత్రం కూడా అందరికీ మరొకసారి గుర్తుకు వచ్చింది.

పుస్తకం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

నాలుగో ఏడాది అతనికి ఉప కాంట్రాక్టర్ల నెలవారీ లెక్కలు అప్పగించారు. పూత పని చేసే ఒక చిన్న కాంట్రాక్టరు పంపిన బిల్లులో, మధ్యలో అదనంగా చేయించిన నడవా పైకప్పు పూత లేదు. చేసినవాడే అడగడం మరిచిపోయాడు. ఇవ్వకుండా ఊరుకొంటే సంస్థకు లాభం. అతను స్వయంగా వెళ్ళి కొలిచి, ఆ మొత్తాన్ని కూడా లెక్కలో చేర్చి, పై అధికారి ముందుపెట్టాడు. ఆయన ఏ అభ్యంతరం చెప్పకుండా సంతకం చేశాడు. "ఈ రోజు అతని డబ్బు నొక్కితే రేపు మన పనికి అతను రాడు" అన్నాడట.

ఈ సంగతి చెబుతూ మేనల్లుడు, "నానా గోడ లెక్క సరిచేశాను మామూజాన్" అన్నాడు. ఆ వేళ మా కళ్ళు చెమర్చాయి.

ఖర్చు తగ్గించడం కూడా ఈ వృత్తిలో భాగమే. అది ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఏమవుతుందో విశ్వవిద్యాలయంలో అతనికి ఒక ఉదాహరణతో చెప్పారు. 2017 జూన్ 14న, రమజాన్ మాసపు రాత్రి, లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం తగలబడి 72 మంది మరణించారు. వారిలో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అంతకు ముందు మరమ్మతులలో భవనానికి తొడిగిన బయటి పలకలకు మొదట జింకు అనుకొన్నారు. తర్వాత దాదాపు మూడు లక్షల పౌండ్లు కలిసివస్తాయని, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న అల్యూమినియం పలకలు వేశారు. మంట పైకి ఎగబాకడానికి ఆ పలకలే ముఖ్య కారణమయ్యాయి. 2024 సెప్టెంబరు 4న వెలువడిన విచారణ తుది నివేదిక సందర్భంలో, ఆ మరణాలన్నీ నివారించదగినవేనని విచారణాధిపతి ప్రకటించారు. ఒక పట్టికలో ఒక వరుస మార్చి మరో వరుస రాస్తే, దాని వెనక నిద్రపోతున్న పిల్లలు ఉంటారని ఆ పాఠం తనకు నేర్పిందని మేనల్లుడు అంటాడు.

ఆఖరి పరీక్ష

2024లో అతని ఆఖరి పరీక్ష జరిగింది. తాను చేసిన ఒక పని గురించి 3,000 పదాల నివేదిక ముందుగా పంపాలి. ఆ తర్వాత పరీక్షకుల మండలి ఎదుట గంటసేపు మౌఖిక పరీక్ష. అందులో మొదటి పది నిమిషాలు ఆ నివేదిక గురించి తానే వివరించాలి. మిగతా సమయమంతా ప్రశ్నలు. వృత్తి నీతికి సంబంధించిన ప్రశ్నలలో తడబడితే మిగతావి ఎంత బాగా చెప్పినా గట్టెక్కడం కష్టం.

అతన్ని కూడా, పనిలో తప్పు చేసినప్పుడు ఏం చేశావని అడిగారట. సగం వెడల్పు తలుపు కథ ఉన్నదున్నట్లు చెప్పాడు. ఎవరో ఒకరు సన్నగా నవ్వారని, అప్పుడే తనకు ధైర్యం వచ్చిందని అన్నాడు. కొన్ని రోజుల తర్వాత ఫలితం వచ్చింది. ఇరవైమూడో ఏట అతను చార్టర్డ్ సర్వేయర్ అయ్యాడు. మా బావగారు ఆ రోజు ఒకే మాట అన్నారట. "ఇందులో ఒక్క పౌండు వడ్డీ లేదు, అల్‌హమ్దులిల్లాహ్."

మనకు దీనితో పనేమిటి?

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ వ్యాసం చదివి, మా అబ్బాయిని కూడా ఇంగ్లాండు అప్రెంటిస్‌గా పంపుతామని ఎవరూ ఏజెంట్ల దగ్గరకు పరుగెత్తవద్దు. ఆ నిధులు అక్కడ నివసించే హక్కు ఉండి, సాధారణంగా గత మూడేళ్ళుగా అక్కడే ఉంటున్నవారికి. ఇక్కడి నుంచి విద్యార్థి వీసా మీద వెళ్ళినవారికి ఈ పద్ధతి వర్తించదు. వర్తిస్తుందని చెప్పి డబ్బు అడిగేవాడు మోసగాడని గ్రహించండి. అక్కడ స్థిరపడ్డ బంధువులు ఉన్నవారు మాత్రం ఈ సంగతి వారి చెవిన వేయండి. ఇంటర్ ఈడు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది పనికివస్తుంది.

మన దగ్గర ఏమీ లేదని నిరాశ పడనక్కరలేదు. మన దేశంలో అప్రెంటిస్ చట్టం 1961లోనే వచ్చింది. 1973లో సవరణ చేసి ఇంజనీరింగు పట్టభద్రులనూ, డిప్లొమా వారినీ అందులో చేర్చారు. చదువు ముగించినవారు భృతి తీసుకొంటూ ఏడాదిపాటు సంస్థల్లో పని నేర్చుకొనే అవకాశం ఉంది. డిగ్రీలోనే అప్రెంటిస్ శిక్షణ కలిపి బోధించడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ పిల్లలు చేరబోయే కళాశాలలో అలాంటి కోర్సు ఉందేమో అడగండి. పాలిటెక్నిక్ సివిల్ డిప్లొమాలో ఎస్టిమేషన్ ఒక పాఠ్యాంశం. దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేయకుండా, సెలవుల్లో ఒక మేస్త్రీ వెంట తిరిగి టేపు పట్టి నేర్చుకొన్న కుర్రవాడికి విలువే వేరు. దుబాయి, దోహా, రియాద్‌లలో క్వాంటిటీ సర్వేయర్లుగా పనిచేస్తున్న తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది మొదలుపెట్టింది ఒక టేపుతోనే.

అన్నిటికంటే ముందు మన మనసుల్లోని ఒక దురభిప్రాయం పోవాలి. చేతులకు సిమెంటు అంటితే చదువు తక్కువైనట్లు, తెల్లచొక్కా వేసుకొంటేనే చదువుకొన్నట్లు మనం పిల్లలకు నేర్పుతున్నాము. మేమూ ఆ తప్పే చేశాము. ఆ రాత్రి ఫోనులో మేనల్లుడు మా మాట విని ఉంటే ఒక మంచి అవకాశం మా వల్లే చేజారేది. పిల్లలు ఏదైనా కొత్త దారి చెప్పినప్పుడు ముందు పూర్తిగా విందాం, తర్వాత విచారిద్దాం, ఆ తర్వాతే సలహా చెబుదాం.

చివరిగా మా మేనకోడలి సంగతి. ఇంగ్లాండులో అప్రెంటిస్‌షిప్‌కు వయసులో పై పరిమితి లేదు. ఈ విషయం తమ్ముడే ఆమెకు చెప్పాడు. 2022లో, ఇరవైనాలుగేళ్ళ వయసులో, ఆమె ఒక సంస్థ లెక్కల విభాగంలో అప్రెంటిస్‌గా చేరింది. ఇప్పుడు దుకాణం మానేసింది. మొన్న ఫోన్ చేసినప్పుడు, "మామూజాన్, తమ్ముడు గోడలు లెక్కపెడతాడు, నేను డబ్బు లెక్కపెడతాను" అంది నవ్వుతూ.

ఆగిపోయిన గడప దగ్గరే ఇంకా నిలబడి ఉన్న బిడ్డలు మన వీధుల్లోనూ ఉన్నారు. ఈ శుక్రవారం మీ ఇంట్లో ఒక్కసారి వారి మాట వినండి.